పిలిచేది ఒక భాష, పలికేది మరొక భాష

కంప్యూటర్ ముందు కూర్చున్న పదకొండవ తరగతి విద్యార్థి పైథాన్ భాషలో 2 కు వర్గమూలం ఎంత అని అడిగితే, రెప్పపాటు కాలంలో 1.4142135623730951 అని జవాబు వస్తుంది. ఈ లెక్క కట్టినది ఎవరు? పైథాన్ అని విద్యార్థి అనుకుంటాడు. నిజానికి పైథాన్ ఈ లెక్క చేయలేదు. సి అనే మరొక భాషలో ఎవరో ఏనాడో రాసి, యంత్రభాషలోకి మార్చి, డిస్కు మీద సిద్ధంగా వుంచిన ఒక చిన్న ప్రమేయాన్ని అది పిలిచింది. వచ్చిన సమాధానాన్ని తెచ్చి తెర మీద చూపింది. అంతే.

ఇందులో వింత లేకపోలేదు. సి భాషను 1970 దశకం తొలి సంవత్సరాలలో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో డెన్నిస్ రిచీ రూపొందించారు. పైథాన్‌ను గిడో వాన్ రోసమ్ 1991లో లోకానికి అందించారు. రెండింటికీ మధ్య సుమారు ఇరవై సంవత్సరాల ఎడం వున్నది. వ్యాకరణాలు వేరు, సంఖ్యను దాచుకునే పద్ధతి కూడా వేరు. ఐనప్పటికీ ఒకటి పిలిస్తే మరొకటి పలుకుతున్నది. ఈ పిలుపు ఎట్లా సాగుతుందో, అది ఎక్కడ బెసుకుతుందో ఈ వ్యాసంలో తెలుసుకొందాము. బెసికినప్పుడు యంత్రం అన్నివేళలా ఫిర్యాదు చేయదు. తప్పు సమాధానాన్ని కూడా ఒప్పు సమాధానమంత ధీమాగా మన చేతిలో పెడుతుంది. కంప్యూటర్ చెప్పినది గనుక నిజమై తీరాలని నమ్మే విద్యార్థులకు ఈ సంగతి ముందుగా తెలియడం మంచిది.

కాగితపు టేపుల గ్రంథాలయం

ఒకసారి రాసిన లెక్కను పదిమందీ వాడుకోవాలన్న ఆలోచన కంప్యూటర్లతోపాటే పుట్టింది. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే యంత్రం 1949 మే నెలలో మొదటిసారిగా పనిచేసింది. దానికి ఆదేశాలను కాగితపు టేపు మీద రంధ్రాలుగా పొడిచి ఇచ్చేవారు. వర్గమూలాలు, త్రికోణమితి ప్రమేయాలు మొదలైనవి ప్రతివారికీ కావలసినవే కదా! ప్రతివారూ వాటిని మళ్ళీ మళ్ళీ రాయడం వృథా శ్రమ, పైగా ప్రతిసారీ కొత్త తప్పులు దొర్లుతాయి. కాబట్టి మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనే శాస్త్రజ్ఞులు బాగా పరీక్షించిన టేపులను విడివిడిగా భద్రపరచి, కావలసిన టేపును కావలసినవారు తమ టేపులోకి నకలు చేసుకొనే ఏర్పాటు చేశారు. దానికి వారు పెట్టిన పేరే లైబ్రరీ. ఈ పద్ధతిని వివరిస్తూ వారు ముగ్గురూ 1951లో ఒక గ్రంథం కూడా ప్రచురించారు.

నకలు చేసుకోవడంలో ఒక ఇబ్బంది వున్నది. నూరు ప్రోగ్రాంలు వర్గమూలం వాడుకుంటే నూరు నకళ్ళు తయారవుతాయి. అసలు ప్రతిలో తప్పు దిద్దినా, నకళ్ళలో అది అట్లాగే వుండిపోతుంది. అందువల్ల తరువాతి కాలంలో మరొక పద్ధతి వచ్చింది. లైబ్రరీని ఎవరి ప్రోగ్రాంలోనూ చేర్చకుండా, విడి ఫైలుగానే డిస్కు మీద వుంచుతారు. ప్రోగ్రాం నడుస్తుండగా అవసరమైనప్పుడు ఆ ఫైలును తెరిచి, అందులోని ప్రమేయాన్ని వాడుకుంటారు. ఇంటికొక బావి తవ్వుకోవడానికి బదులు ఊరందరూ ఒకే చెరువు నీరు వాడుకోవడం వంటిదన్న మాట. 1960 దశకంలో మల్టిక్స్ అనే వ్యవస్థలో ఈ ఆలోచన రూపుదిద్దుకున్నది. విండోస్ వ్యవస్థలో 1985 నాటి మొదటి కూర్పు నుండీ డిఎల్ఎల్ అనే పేరుతో ఇటువంటి ఫైళ్ళున్నాయి. లినక్స్‌లో వీటి పేర్ల చివర ఎస్ఓ అన్న అక్షరాలుంటాయి. చెరువు కలుషితమైతే ఊరందరికీ జబ్బు చేస్తుందన్నది ఈ ఉపమానంలోని రెండవ సగం, అదీ నిజమే.

పేరు, చిరునామా

ఇట్లా విడిగా వున్న లైబ్రరీలో ఒక ప్రమేయాన్ని పిలవాలంటే రెండు పనులు జరగాలి. మొదటిది, ఆ ఫైలును మెమొరీలోకి తేవడం. లినక్స్‌లో ఈ పని చేసే ఆదేశానికి డిఎల్‌ఓపెన్ అని పేరు. రెండవది, కావలసిన ప్రమేయం మెమొరీలో ఏ చిరునామాలో వున్నదో కనుగొనడం. ఈ పని డిఎల్‌సిమ్ చేస్తుంది. విండోస్‌లో ఈ రెండు పనులనూ లోడ్‌లైబ్రరీ, గెట్‌ప్రాక్‌అడ్రస్ అనేవి నిర్వహిస్తాయి. లైబ్రరీ ఫైలులో ఒక పట్టిక వుంటుంది. పేరు ఇస్తే అది చోటు చెబుతుంది. భద్రత కోసం నేటి వ్యవస్థలు లైబ్రరీని ప్రతిసారీ వేరువేరు చోట దింపుతాయి. నిన్నటి చిరునామా నేడు పనికిరాదు. కాబట్టి ప్రోగ్రాం నడిచిన ప్రతిసారీ పేరు చెప్పి అడగవలసిందే.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాము. సి భాషలో రాసిన లైబ్రరీ పట్టికలో పేరూ, చోటూ మాత్రమే వుంటాయి. ఆ ప్రమేయానికి ఎన్ని విలువలు ఇవ్వాలి, అవి పూర్ణాంకాలా దశాంశాలా, తిరిగి వచ్చేది ఏ రకం సంఖ్య అన్న వివరం అందులో లేదు. సి భాషలో ఆ వివరం హెడర్ అనే వేరొక ఫైలులో వుంటుంది. కంపైలరు దానిని చదివి, సరిచూసి, యంత్రభాషలోకి అనువాదం ముగిశాక పక్కన పెట్టేస్తుంది. పైథాన్ నుండి పిలిచేటప్పుడు ఆ సరిచూచేవాడు లేడు. ఒక పెద్దమనిషి పేరూ ఇంటి నంబరూ మనకు దొరికినవి. ఆయనకు ఏ భాష వచ్చునో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సి భాష నుండి పుట్టిన సి ప్లస్ ప్లస్‌లో ఈ లోటు కొంతవరకు తీరింది. అందులో యాడ్ అనే ప్రమేయం రెండు పూర్ణాంకాలను తీసుకుంటే, కంపైలరు వాటి గుర్తులను పేరులోనే ఇరికిస్తుంది. ఐతే ఇటువంటి పేర్లు చూడడానికి వికారంగా వుంటాయి, పైగా కంపైలరును బట్టి మారుతుంటాయి. అందువల్ల ఇతర భాషలవారు పిలవడానికి వుద్దేశించిన ప్రమేయాలకు సి పద్ధతిలో మామూలు పేర్లే వుంచడం ఆచారమైంది. ఈ విధంగా సి భాష ప్రోగ్రాం భాషలన్నింటికీ మధ్య ఒక రకమైన వ్యవహార భాషగా స్థిరపడింది.

ఏ అరలో ఏది?

చిరునామా దొరికిన తరువాత విలువను అందజేయాలి. 2 అన్న సంఖ్యను వర్గమూల ప్రమేయానికి ఎక్కడ పెట్టి ఇవ్వాలి? కంప్యూటర్ గుండెకాయ అయిన ప్రాసెసరులో రిజిస్టర్లు అనే కొద్దిపాటి అరలు వుంటాయి. ఇంటెల్, ఎఎమ్‌డి వంటి 64 బిట్ల ప్రాసెసర్ల మీద లినక్స్ పాటించే ఒడంబడిక ప్రకారం, పూర్ణాంకాలను, చిరునామాలను ఇవ్వడానికి ఆరు అరలున్నాయి. దశాంశ సంఖ్యలకు వేరే ఎనిమిది అరలు వున్నాయి; వాటిలో మొదటిదాని పేరు ఎక్స్‌ఎంఎం 0. ఫలితం పూర్ణాంకమైతే ఆర్‌ఎఎక్స్ అనే అరలోను, దశాంశ సంఖ్య అయితే ఎక్స్‌ఎంఎం 0 లోను వుంచాలి. విండోస్ ఒడంబడిక వేరు. అక్కడ మొదటి నాలుగు విలువలకే అరలు లభిస్తాయి. ప్రాసెసరు ఒకటే ఐనా ఒడంబడిక మారితే పిలుపు విఫలమవుతుంది.

ఈ అరల మీద ఇది పూర్ణాంకం, ఇది దశాంశం అని చీటీ అంటించి వుండదు. అరలో వున్నవి 64 బిట్లు మాత్రమే. ఉదాహరణకు మొదటి బిట్టు 0, రెండవది 1, మిగిలిన 62 బిట్లూ 0 అయిన వరుసను తీసుకోండి. దానిని దశాంశ సంఖ్యగా చదివితే దాని విలువ సరిగా 2. అదే వరుసను పూర్ణాంకంగా చదివితే 4611686018427387904. రెండు పఠనాలూ న్యాయమైనవే. ఏది సరైనదో బిట్లు చెప్పలేవు.

పైథాన్‌తో సిటైప్స్ అనే పరికరం 2006లో వచ్చిన 2.5 కూర్పు నుండి కలిసే వస్తున్నది. దీనితో ఏ లైబ్రరీనైనా తెరిచి, అందులోని ప్రమేయాన్ని నేరుగా పిలవవచ్చు. లినక్స్ యంత్రం మీద గణిత లైబ్రరీని తెరిచి, వర్గమూల ప్రమేయానికి 2.0 ఇచ్చి చూడండి. ఈ విలువను ఎట్లా మార్చాలో నాకు తెలియదని సిటైప్స్ తిరస్కరిస్తుంది. మంచిదే, తెలియనప్పుడు తెలియదనడం గౌరవప్రదమే కదా. ఇప్పుడు 2.0 ను డబుల్ అనే సి రకంగా చుట్టి ఇవ్వండి. ఈసారి తిరస్కారం వుండదు. కాని వర్గమూలంతో ఏ సంబంధమూ లేని ఒక పూర్ణాంకం జవాబుగా వస్తుంది. కారణమేమంటే, ఫలితం రకాన్ని మనం చెప్పకపోతే అది పూర్ణాంకమేనని సిటైప్స్ భావిస్తుంది. ప్రమేయం తన పని తాను చక్కగా చేసి 1.414ను ఎక్స్‌ఎంఎం 0 లో వుంచింది. సిటైప్స్ ఆర్‌ఎఎక్స్ వైపు చేయి చాచి, అక్కడ మునుపటి పని తాలూకు ఏది మిగిలి వుంటే దానిని పట్టుకొచ్చింది. ఇక 2.0 కు బదులు 2 అని పూర్ణాంకం ఇచ్చి, ఫలితం మాత్రం డబుల్ అని ప్రకటిస్తే పొరపాటు రెండవ కొసన జరుగుతుంది. మనం పెట్టిన 2 పూర్ణాంకాల అరలో పడి వుంటుంది. ప్రమేయం దశాంశాల అరలో వున్నదేదో దానికి వర్గమూలం తీస్తుంది.

ఇచ్చే విలువ డబుల్ అని, వచ్చే విలువ డబుల్ అని రెండు మాటలు ముందుగా ప్రకటిస్తే కథ సుఖాంతమవుతుంది. అప్పుడు 2 ఇచ్చినా, 2.0 ఇచ్చినా సిటైప్స్ సరిగా మార్చి సరైన అరలో పెడుతుంది. ఈ రెండు ప్రకటనలు హెడర్ ఫైలులోని వివరాన్ని మనం చేతితో తిరిగి రాయడమే. అందులో పొరపడితే అడిగేవారు లేరు.

చిరునామాల విషయంలో ఈ పొరపాటు మరింత ప్రమాదకరం. కొన్ని ప్రమేయాలు మెమొరీలోని ఒక చిరునామాను ఫలితంగా ఇస్తాయి. ఆ చిరునామా 64 బిట్లది. సి భాషలోని మామూలు పూర్ణాంకం నేటి యంత్రాలలో సాధారణంగా 32 బిట్లదే. రకం ప్రకటించడం మరిస్తే చిరునామాలో పై సగం తెగిపోతుంది. మిగిలిన సగంతో వెతుక్కుంటూ పోయిన ప్రోగ్రాం తనది కాని చోట కాలు పెట్టి అక్కడికక్కడే కూలిపోతుంది. నా దృష్టిలో ఇది కొంత నయం. కూలిన ప్రోగ్రాం ఎవరినీ మోసగించదు.

అడ్డువరుసలు, నిలువువరుసలు

మోసగించే తప్పు ఎట్లా వుంటుందో చూద్దాము. ఏకకాలిక సమీకరణాల సాధన మీకు పరిచితమే. పెద్ద పెద్ద సమీకరణ వ్యవస్థలను సాధించడానికి ప్రపంచమంతటా వాడే లాపాక్ అనే లైబ్రరీ 1992లో విడుదలైంది. అది ఫోర్ట్రాన్ భాషలో రచించబడింది. ఫోర్ట్రాన్ 1957 నాటిది, జాన్ బాకస్ నాయకత్వాన ఐబిఎం సంస్థలో పుట్టినది. లాపాక్‌లో సమీకరణాలు సాధించే ప్రమేయం పేరు డి-జి-ఇ-ఎస్-వి. దీనిని ఇతర భాషల నుండి పిలవవచ్చు, కాని మూడు మెలికలున్నాయి. చాలా ఫోర్ట్రాన్ కంపైలర్లు పేరు చివర ఒక అడుగుగీత తగిలిస్తాయి. విలువలను నేరుగా తీసుకోక, అవి వున్న చిరునామాలను ఇమ్మంటాయి. ఈ రెంటిలో దేనిని మరిచినా ప్రోగ్రాం సాధారణంగా వెంటనే ఆగిపోతుంది గనుక భయం లేదు. మూడవ మెలికే సూక్ష్మమైనది.

కింది సమీకరణాలను తీసుకోండి: ఒక సంఖ్యకు రెండవ సంఖ్య రెట్టింపు కలిపితే 5, మొదటిదాని మూడు రెట్లకు రెండవదాని నాలుగు రెట్లు కలిపితే 11. సమాధానం 1, 2 అని నోటితోనే చెప్పవచ్చు. గుణకాల మాత్రికలో మొదటి అడ్డువరుస 1, 2. రెండవ అడ్డువరుస 3, 4. సి భాష మాత్రికను అడ్డువరుసల క్రమంలో దాస్తుంది, అంటే మెమొరీలో 1, 2, 3, 4 అని. ఫోర్ట్రాన్ నిలువువరుసల క్రమంలో చదువుతుంది. అదే 1, 2, 3, 4 దానికి అందగానే 1, 2 మొదటి నిలువువరుస అని, 3, 4 రెండవ నిలువువరుస అని భావిస్తుంది. అంటే మొదటి అడ్డువరుస 1, 3. రెండవది 2, 4 అయ్యాయి. మాత్రికకు బదులు దాని వ్యత్యయ మాత్రిక చేరిందన్న మాట. ఇప్పుడు లాపాక్ తనకు కనిపించిన సమీకరణాలను ఏ దోషమూ లేకుండా సాధించి 6.5, -0.5 అని ఇస్తుంది. హెచ్చరిక రాదు, ప్రోగ్రాం ఆగదు.

పరీక్షించి చూసుకోరా అని అడగవచ్చు. ఎట్లా పరీక్షిస్తారన్నదే ప్రశ్న. నిర్ధారకం కట్టి సరిచూస్తే ఈ తప్పు పట్టుబడదు. మాత్రికకు, దాని వ్యత్యయానికి నిర్ధారకం ఒకటే, ఇక్కడ రెండింటికీ -2. సౌష్ఠవ మాత్రికతో పరీక్షిస్తే అసలే పట్టుబడదు, ఎందుకంటే దాని వ్యత్యయం అదే మాత్రిక. చాలామంది తొందరలో పరీక్షకు ఎన్నుకునేది తత్సమ మాత్రికనో, మరో సౌష్ఠవ మాత్రికనో కావడం దురదృష్టం. సౌష్ఠవం లేని చిన్న వ్యవస్థను చేతితో సాధించి, ఆ సమాధానంతో పోల్చడమే సరైన పరీక్ష. పైథాన్‌లో గణితానికి వాడే నంపై రచయితలు ఈ జాగ్రత్తలన్నీ ముందే తీసుకున్నారు గనుక దాని ద్వారా లాపాక్‌ను వాడేవారికి ఈ చిక్కు తెలియదు. స్వయంగా పిలిచేవారికే తెలుస్తుంది.

అరలలో వుండేవి బిట్లే తప్ప అర్థాలు కావని మళ్ళీ జ్ఞాపకం చేసుకొందాము. మన దేశంలో 1956 నాటి చట్టంతో మెట్రిక్ తూనికలు వచ్చిన కొత్తలో, "రెండు ఇవ్వు" అంటే రెండు వీశెలా, రెండు కిలోలా అని అంగడిలో అడగవలసి వచ్చేది. వీశె దాదాపు 1.4 కిలోగ్రాములు. ప్రోగ్రాంల మధ్య ఆ ప్రశ్న అడిగేవారుండరు. 1998 డిసెంబరు 11న అమెరికా అంగారకుడి వద్దకు పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న నాశనమైంది. భూమి మీద ఒక ప్రోగ్రాం, నౌకలోని చిన్న చోదకాలు ఇచ్చిన ప్రచోదనాన్ని పౌండ్-సెకండ్లలో రాసి పెట్టింది. మార్గం లెక్కించేవారి ప్రోగ్రాం ఆ సంఖ్యలను న్యూటన్-సెకండ్లుగా చదువుకున్నది. రెండింటికీ మధ్య సుమారు 4.45 రెట్లు తేడా వున్నది. నౌక అనుకున్నదానికంటె చాలా దిగువగా అంగారక వాతావరణంలోకి చొచ్చుకుపోయింది. ఇక్కడ పిలుపులో లోపం లేదు. సంఖ్య రకంలోను లోపం లేదు. సంఖ్యతోపాటు దాని ప్రమాణం గడప దాటలేదు, అంతే.

తెలుగు మాట పొడవెంత?

చివరగా బడిలో చేసి చూడదగిన ఒక ప్రయోగం చెబుతాను. సి లైబ్రరీలో స్ట్రింగ్‌లెన్ అని ఒక ప్రమేయం వున్నది. దాని పని మాట పొడవు చెప్పడం. అది ఇచ్చిన చిరునామా నుండి బయలుదేరి, సున్నా విలువ గల బైటు ఎదురయ్యేవరకు బైట్లను లెక్కిస్తుంది. సి భాషలో మాట ముగిసిందనడానికి ఆ సున్నాయే గుర్తు.

"తెలుగు" అన్న మాటలో మన కంటికి అక్షరాలు మూడు. యూనికోడ్ పద్ధతిలో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ ఒక్కొక్క సంకేతం వుంటుంది కాబట్టి పైథాన్ లెక్కలో పొడవు ఆరు. ఆ మాటను యుటిఎఫ్-8 అనే పద్ధతిలో బైట్లుగా మార్చితే, ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్ల చొప్పున పద్దెనిమిది బైట్లు. ఈ బైట్లను స్ట్రింగ్‌లెన్‌కు ఇస్తే అది 18 అంటుంది. మూడు, ఆరు, పద్దెనిమిది, మూడూ ఒప్పులే.

ఇప్పుడు బైట్లుగా మార్చకుండా, రకం ప్రకటించకుండా, "తెలుగు" అన్న మాటను వున్నదున్నట్లు ఇవ్వండి. లినక్స్ యంత్రం మీద జవాబు 2. "అమ్మ" అని ఇచ్చినా 2. "విశాఖపట్నం" అని ఇచ్చినా 2! విద్యార్థులు తమ పేర్లు ఇచ్చి చూసుకోవచ్చు, తెలుగులో రాసిన ఏ పేరుకైనా ఇదే జవాబు. కారణం ఇది: సిటైప్స్ అప్పుడు ఒక్కొక్క సంకేతాన్ని నాలుగు బైట్ల గదిలో వుంచి ఇస్తుంది. తెలుగు సంకేతాల విలువలు చిన్నవి, రెండు బైట్లలో ఇమిడిపోతాయి. గదిలో మిగిలిన రెండు బైట్లూ సున్నాలే. మొదటి గదిలో రెండు బైట్లు దాటగానే స్ట్రింగ్‌లెన్‌కు సున్నా ఎదురై మాట ముగిసిందనుకుంటుంది. విండోస్ మీద గది రెండు బైట్లదే గనుక "తెలుగు"కు 12 వస్తుంది. తీసుకునేది బైట్ల వరుస అని ముందే ప్రకటించి వుంటే, సిటైప్స్ మాటను ముట్టుకోకుండా, ఇది నేను అడిగిన రకం కాదని గడప దగ్గరే ఆపివేస్తుంది. రెండు విధాలా చేసి చూపి, ఆ 2 ఎక్కడ నుండి వచ్చిందో విద్యార్థుల చేతనే చెప్పించవచ్చు.